వంశవృక్షం అచ్చులో, రాజు నిర్బంధంలో

1894లో కలకత్తాలోని బెంగాల్ సెక్రటేరియట్ ముద్రణాలయం నుంచి ‘సిక్కిం గెజెటీర్’ అనే లావుపాటి గ్రంథం వెలువడింది. దానికి పీఠిక రాసినవాడు హెచ్. హెచ్. రిస్లీ. మన దేశంలో కులాలను లెక్కపెట్టి, మనుషుల ముక్కులు కొలిచి పేరు తెచ్చుకున్న ఐసీఎస్ అధికారి ఆయనే. ఆ గ్రంథంలో లేనిదేమిటని వెతుక్కోవాలి. రాజవంశ చరిత్ర, చట్టాలు, పెళ్లి ఆచారాలు, గనులు, వ్యవసాయం, చెట్లూ చేమలూ, పక్షులు, సీతాకోకచిలుకలు, ఆపైన లామాల మతం గురించి ఎల్. ఎ. వాడెల్ రాసిన సుదీర్ఘ భాగం, అన్నీ ఉన్నాయి. మరి ఆ వంశవృక్షం చివరి కొమ్మన కూర్చోబెట్టిన మహారాజు తుతోబ్ నంగ్యాల్ ఆ ఏడాది ఎక్కడున్నాడు? తన రాజ్యంలో మాత్రం లేడు. 1892లో నేపాల్ మీదుగా టిబెట్ చేరుకోబోయి దారిలో పట్టుబడ్డాడు. అప్పటినుంచి డార్జిలింగ్ జిల్లాలో బ్రిటిష్ వారి నిర్బంధంలో ఉన్నాడు. ఆయన్ను తిరిగి గాంగ్‌టక్ పంపింది 1895లో. అంటే సిక్కిం గురించి తెలియవలసిందంతా ఒకచోట చేర్చామని ప్రభుత్వం ప్రకటించేనాటికి సిక్కిం పాలకుడు ఆ ప్రభుత్వానికే బందీ.

ఇది కాకతాళీయం అనుకోవచ్చు. ఒక్క పుస్తకం విషయంలో అయితే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ పందొమ్మిదో శతాబ్దంలో సిక్కిం మీద ఇంగ్లిషులో వచ్చిన ప్రధాన గ్రంథాల తేదీలను ఒక వరసలోనూ, సిక్కిం కోల్పోయిన భూముల, అధికారాల తేదీలను మరో వరసలోనూ రాసుకుంటే రెండు వరసలూ జంటగా నడుస్తాయి. 1850లో భూమి పోయింది, 1854లో హుకర్ యాత్రాగ్రంథం వచ్చింది. 1861లో సంధి జరిగింది, 1873లో గాలర్ పుస్తకం వచ్చింది. 1889లో పరిపాలన చేజారింది, 1894లో గెజెటీర్, 1909లో వైట్ జ్ఞాపకాలు వచ్చాయి. ఈ పుస్తకాలు రాజ్యాన్ని కాజేశాయని నేను అనడం లేదు. ఆ పని తుపాకులు, సంధిపత్రాలు, జీతం పుచ్చుకునే అధికారులు చేశారు. పుస్తకాలు చేసిన పని వేరు. బలవంతంగా తెరిచిన దారిలో నడిచి పోగుచేసిన జ్ఞానాన్ని, ఆ బలవంతం సంగతి పాఠకుడు మరిచిపోయేటంత అందంగా అచ్చు వేశాయి. అదృష్టవశాత్తూ పూర్తిగా మరిపించలేకపోయాయి. ఆనాడు ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం చాలావరకు ఆ పుస్తకాల్లోనే దొరుకుతుంది.

డార్జిలింగ్‌తో మొదలుపెడదాం. 1829లో కెప్టెన్ లాయిడ్, జె. డబ్ల్యూ. గ్రాంట్ అనే ఇద్దరు నేపాల్, సిక్కింల సరిహద్దు తగాదా పరిష్కరించే పని మీద వెళ్లి ఆ కొండ గట్టును చూశారు. రోగులైన తెల్లవారికి ఆరోగ్యకేంద్రంగా బాగుంటుందని గవర్నర్ జనరల్ బెంటింక్‌కు సిఫారసు చేశారు. 1835 ఫిబ్రవరి 1న సిక్కిం రాజు చుగ్‌ఫుద్ నంగ్యాల్ స్నేహపూర్వకంగా ఇచ్చినట్టు దానపత్రం తయారైంది. తర్వాత వచ్చిన ప్రతి పుస్తకంలోనూ ఒకటే మాట: అది అడవి, జనం లేని చోటు, 1839లో వందమంది కూడా లేని ఆ కొండ మీద 1849 నాటికి పదివేల మంది స్థిరపడ్డారు. ఈ లెక్క డార్జిలింగ్ గెజెటీర్‌లోకి ఎక్కి, అక్కడినుంచి టీ డబ్బాల మీది కథల దాకా పాకింది. తొలి నివేదికల్లో చిత్రం ఇలా లేదు. అక్కడ ఒకప్పుడు పెద్ద ఊరే ఉండేదనీ, దుకాణాలుండేవనీ, స్థానిక లెప్చా తెగ ప్రభువు (కాజీ) ఒకరి ఇంటి శిథిలాలు, రాతితో కట్టిన గోంపా, సమాధులు కనిపించాయనీ వాటిలోనే ఉంది. ఆ ఊరు ఎందుకు పాడుబడిందో కూడా తెలియని సంగతేం కాదు. పద్దెనిమిదో శతాబ్ది చివరి నుంచి గోర్ఖాలు ఆ కొండలను ఆక్రమించి ఉన్నారు. 1817 నాటి తితాలియా సంధితో అవి సిక్కింకు తిరిగివచ్చాయి. 1826లో సిక్కిం ప్రధాని బోలెక్ హత్య జరిగాక ఆయన బంధువుల వెంట లెప్చా కుటుంబాలు పెద్దసంఖ్యలో నేపాల్‌లోని ఇలాం ప్రాంతానికి తరలిపోయాయి. లాయిడ్ తీర్చడానికి వచ్చిన సరిహద్దు తగాదాకు మూలం ఆ వలసే. కాబట్టి ఆయన చూసింది మూడేళ్ల క్రితం జనం వదిలిపోయిన ఊరు. అడవి అని చదివినప్పుడల్లా ఈ మూడేళ్లను గుర్తుపెట్టుకోవాలి. ఖాళీ స్థలంలో అడుగుపెట్టడం ఒక పని, ఇల్లు విడిచి పారిపోయినవాళ్ల గడపలో కాలు మోపడం మరో పని.

దానపత్రం సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. రాజు బదులుగా దేబ్‌గావ్ భూమిని కోరాడు. ఆ కోరిక తీరలేదు. 1841 నుంచి ఏటా 3,000 రూపాయలు, 1846 నుంచి 6,000 రూపాయలు ఇచ్చారు. ఆ పైకం కూడా ఎంతకాలం సాగిందో చూద్దాం.

జోసెఫ్ డాల్టన్ హుకర్ 1848 జనవరిలో కలకత్తా చేరాడు. కొత్త గవర్నర్ జనరల్ డల్హౌసీ వచ్చిన ఓడలోనే ఆయనా వచ్చాడు. అప్పటికి ముప్పయ్యేళ్లవాడు, దక్షిణధ్రువ సముద్రాలు చూసివచ్చిన వృక్షశాస్త్రవేత్త. డార్జిలింగ్‌లో బ్రయన్ హాడ్జ్‌సన్ ఇంట బస చేశాడు. ఆయన ‘హిమాలయన్ జర్నల్స్’ రెండు సంపుటాలుగా 1854లో లండన్‌లో వెలువడింది. చార్లెస్ డార్విన్‌కు అంకితమిచ్చిన పుస్తకం అది. యాత్రాసాహిత్యంలో దానికున్న స్థానాన్ని నేను తగ్గించబోవడం లేదు. మంచు అంచున రోడోడెండ్రాన్ వనాలు, తీస్తా లోయ ఉక్కపోత, జలగలు, లెప్చా కుర్రాళ్ల హుషారు, అన్నిటినీ హుకర్ ఎంత దగ్గరగా చూశాడో అంత నిక్కచ్చిగా రాశాడు. ఆ నిక్కచ్చితనమే ఇవాళ మనకు పనికొస్తోంది. 1849లో ఆయన ఉత్తరాన లాచెన్ లోయలోకి వెళ్లాలనుకున్నాడు. రాజు తరఫున మీపో అనే లెప్చా దారి చూపడానికి వచ్చాడు. అదే సమయంలో సింగ్‌తాం సుబా అనే అధికారి, లాచెన్ ఊరి పెద్ద ఆయన్ను వెనక్కి మళ్లించడానికి పడిన పాట్లన్నీ పుస్తకంలో వరసగా ఉన్నాయి. బియ్యం సమయానికి అందలేదు. దారి బాగాలేదన్నారు. సరిహద్దు ఇక్కడే, ఇక ముందుకు టిబెట్ అన్నారు. అసలు సరిహద్దు ఇంకా పైన ఉందని హుకర్‌కు తెలుసు. కదలకుండా వారాల తరబడి కూర్చుని, చివరికి తన మాటే నెగ్గించుకున్నాడు. ఈ ఘట్టాన్ని ఆయన హాస్యంగా, కొండజాతి అధికారుల అమాయకపు ఎత్తుగడలుగా చెప్పాడు. మనం చదివితే మరోటి కనిపిస్తుంది. బలవంతుడి ముఖాన వద్దని చెప్పే శక్తి లేని చిన్న రాజ్యం, తన చేతిలో ఉన్న మర్యాదలన్నీ వాడి వద్దని చెబుతోంది.

ఆ అక్టోబరులో డార్జిలింగ్ సూపరింటెండెంట్ డాక్టర్ క్యాంప్‌బెల్ కూడా హుకర్‌తో కలిశాడు. ఇద్దరూ కోంగ్రా లామా కనుమ దాటి టిబెట్ నేల మీద అడుగుపెట్టి వచ్చారు. నవంబరు 7న చో లా కనుమ దగ్గర సిక్కిం మనుషులు వారిని పట్టుకున్నారు. క్యాంప్‌బెల్‌ను కట్టి హింసించారు. హుకర్‌ను కొట్టలేదు కానీ వదల్లేదు. సిక్కిం దివాన్ నంగ్యాల్‌కు కావలసింది తమ ఫిర్యాదులను ఒప్పుకుంటూ క్యాంప్‌బెల్ సంతకం. డార్జిలింగ్ పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించడం వాటిలో ముఖ్యమైనది. డిసెంబరు 24న ఇద్దరూ విడుదలయ్యారు. ఏడు వారాల ఆ బందిఖానాకు బదులుగా 1850లో బ్రిటిష్ ప్రభుత్వం సిక్కిం తెరాయిని, రంగీత్ నదికి దక్షిణాన తీస్తాకు పశ్చిమాన ఉన్న కొండలను కలిపేసుకుంది. మొత్తం 640 చదరపు మైళ్లు. ఏటా ఇచ్చే 6,000 రూపాయలు ఆగిపోయాయి. సిక్కింకు మైదానంతో నేరుగా ఉన్న సంబంధం తెగిపోయింది. ఇక ఆ నేల మీద ఏం పండిందో లోకానికి తెలుసు. 1866 నాటికి డార్జిలింగ్‌లో 39 తేయాకు తోటలు, 1874 నాటికి 113. హుకర్ గ్రంథం చదివే ఆంగ్ల పాఠకుడికి రెండో సంపుటంలో సిక్కిం భాగం నాటకీయంగా ఒక శాస్త్రవేత్త చెర కథగా ముగుస్తుంది. చెర ఏడు వారాలు, దాని ఖరీదు శాశ్వతం అన్న లెక్క ఆ పాఠకుడి మనసులో పడే అవకాశం తక్కువ.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. హుకర్ శాస్త్రం నిజం కాదా? ఆయన వర్ణించిన మొక్కలు ఇవాళ్టికీ ఆ పేర్లతోనే ఉన్నాయి కదా? నిజమే. రాజకీయం కలిసిందని శాస్త్రం అబద్ధమైపోదు, ఆ రెంటినీ గందరగోళపరిచే విమర్శకులతో నాకు పేచీ ఉంది. కానీ ఆ పేర్లనే ఒకసారి చూడండి. డల్హౌసీ భార్య పేరు మీద ఒక రోడోడెండ్రాన్, క్యాంప్‌బెల్ భార్య పేరు మీద మరొకటి, హాడ్జ్‌సన్ పేరు మీద ఇంకొకటి, మాగ్నోలియాకు క్యాంప్‌బెల్ పేరు. గవర్నర్ జనరల్ బంగళా, సూపరింటెండెంట్ బంగళా, ఆతిథ్యమిచ్చిన ఇల్లు, అన్నీ కొండల మీద పూశాయి. 1848లో హుకర్ తూర్పు నేపాల్ వెళ్లినప్పుడు వెంట నడిచినవారు 56 మంది. చెట్లెక్కి పూలు కోసినవారు, తడి కాగితాలు మార్చి మొక్కలు ఎండబెట్టినవారు, ఏ చెట్టు ఏ ఎత్తున దొరుకుతుందో చెప్పినవారు అందులో ఉన్నారు. వారి నైపుణ్యాన్ని హుకర్ మెచ్చుకున్నాడు, పేరు పెట్టే సమయం వచ్చేసరికి మాత్రం చూపు బంగళాల వైపే వెళ్లింది. కర్నల్ మెకంజీ చారిత్రక పత్రాల సేకరణ వెనుక ఆయన సహాయకులు కావలి సోదరులున్నారని మనకు పేర్లతో సహా తెలుసు. హుకర్ ఎండు మొక్కల కట్టల వెనుక ఉన్న లెప్చాల్లో చాలామంది పేరు కూడా మిగల్లేదు. ఇక ఆయన చేసిన సర్వే కొలతలను ప్రచురించింది కలకత్తాలోని త్రికోణమితి సర్వే కార్యాలయం. మొక్కల కోసం తిరిగిన దారులు పటాలయ్యాయి, పటాలు ఏ బల్లల మీద పరుచుకున్నాయో ఊహించడం కష్టం కాదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఆనాటి సిక్కిం దర్బారు ఏమంత ధర్మరాజ్యం? బానిసలున్నారు, వర్తకమంతా దివాన్ గుప్పిట్లో ఉంది, పట్టుకున్న అధికారిని హింసించారు. ఇవన్నీ ఒప్పుకోవలసిందే. పారిపోయివచ్చిన బానిసను తిరిగి అప్పగించకపోవడం క్యాంప్‌బెల్ చేసిన మంచిపని అని కూడా అంటాను. కానీ దివాన్ నేరానికి శిక్ష దివాన్‌కు పడాలి. పడింది తెరాయి మీద, అదీ రాజ్యంలో ఆదాయమిచ్చే పంటభూముల మీద. తప్పు ఎవరిదైనా శిక్ష మాత్రం ప్రతిసారీ సాగుకు, తేయాకుకు, దారికి పనికొచ్చే నేల రూపంలోనే ఉండటం గమనించాలి. బందీలైనవారిలో చేబు లామా అనే సిక్కిం వకీలు కూడా ఉన్నాడు. ఆంగ్లేయుల పక్షాన నిలిచినందుకు ఆయనకు తర్వాత డార్జిలింగ్ ప్రాంతంలో పెద్ద జాగీరు దక్కింది. అది కూడా సిక్కిం నుంచి తీసుకున్న నేలే.

1860లో క్యాంప్‌బెల్ కొద్దిపాటి బలగంతో సిక్కింలోకి వెళ్లి ఓడి వెనక్కి వచ్చాడు. మరుసటి ఏడు కర్నల్ గాలర్ సైన్యం, దౌత్యాధికారిగా ఆష్లీ ఈడెన్ సిక్కిం రాజధాని తుమ్లాంగ్ చేరారు. 1861 మార్చిలో 23 షరతులతో సంధి కుదిరింది. దివాన్‌కు దేశబహిష్కారం, వర్తకానికి స్వేచ్ఛ, బాటలు వేసే హక్కు వంటివి అందులో ఉండటం మామూలే. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది మరో షరతు. బ్రిటిష్ ప్రభుత్వం సిక్కింలో భూగోళ, భూగర్భ సర్వేలు చేయదలిస్తే సిక్కిం అడ్డు చెప్పకూడదు, పైగా సర్వే అధికారులకు రక్షణ, సాయం అందించాలి. పన్నెండేళ్ల క్రితం లాచెన్‌లో బియ్యం ఆలస్యం చేసి అడ్డుకున్న పని ఇప్పుడు సంధి ప్రకారం హక్కయింది. జ్ఞానసేకరణ రాజకీయానికి అతీతమని వాదించేవారు ఈ షరతును దాటి వెళ్లలేరు. చూడటానికి కూడా యుద్ధంలో గెలవవలసి వచ్చింది. గాలర్ తన అనుభవాన్ని 1873లో పుస్తకంగా అచ్చు వేశాడు. శీర్షికలోనే సిక్కిం పేరు పక్కన కొండల్లో, అడవుల్లో యుద్ధం చేయడానికి సూచనలు అని ఉంది. నిజాయితీకి ఆయన్ను మెచ్చుకోవాలి, మిగతావారు అంత బాహాటంగా శీర్షిక పెట్టలేదు.

1888లో లింగ్‌టూ దగ్గర టిబెటన్లు కట్టిన కోట మీద బ్రిటిష్ దండయాత్ర జరిగింది. 1889లో జాన్ క్లాడ్ వైట్ పొలిటికల్ ఆఫీసరుగా వచ్చాడు. 1890 మార్చిలో బ్రిటన్, చైనాల మధ్య కలకత్తాలో కుదిరిన ఒప్పందంలో సిక్కిం మీద బ్రిటిష్ ఆధిపత్యాన్ని చైనా ఒప్పుకుంది, సంతకం పెట్టడానికి మాత్రం సిక్కింను ఎవరూ పిలవలేదు. రిస్లీ పీఠికను ఈ నేపథ్యంలో చదవాలి. సిక్కింలో నేపాలీల వలసను ప్రోత్సహించాలనీ, వారు పెరిగేకొద్దీ హిందూ మతం బౌద్ధాన్ని నెట్టివేస్తుందనీ, టిబెట్ వైపు మొగ్గే భూటియా పెద్దల పలుకుబడి అలా సహజంగానే తరిగిపోతుందనీ ఆయన అందులో జోస్యం చెప్పాడు. జోస్యం అనే మాట నేను మర్యాదకు వాడుతున్నాను. అది ప్రభుత్వ విధానం, గ్రంథ పీఠిక వేషంలో వచ్చింది. 1891 జనగణన ప్రకారం సిక్కిం జనాభా 30,458. అందులో లెప్చాలు 5,762, భూటియాలు 4,894. అంటే అప్పటికే ఆ రెండు సమూహాలు కలిసి మూడింట ఒకవంతుకు కొంచెం పైన మాత్రమే. నేపాలీ రైతులు దొంగదారిన వచ్చినవారేమీ కాదు. కొండవాలును మెట్లుగా చెక్కి పొలాలు చేసిన శ్రమ వారిది, ఆ నేల ఇవాళ వారిది కూడా. నా అభ్యంతరం వారి రాక మీద లేదు. ఒక జనాన్ని మరో జనం మీద తూకపురాళ్లుగా వాడిన ఎత్తుగడను, సీతాకోకచిలుకల జాబితా పక్కన శాస్త్రంగా అచ్చు వేయడం మీద ఉంది.

వైట్ 1909లో అచ్చు వేసిన ‘సిక్కిం అండ్ భూటాన్’ ఆయన ఇరవయ్యొక్క ఏళ్ల ఉద్యోగ వృత్తాంతం. ఖజానా లేదు, న్యాయస్థానాలు లేవు, బాటలు లేవు, తాను వచ్చాకే అన్నీ ఏర్పడ్డాయి అన్నది దాని సారం. ఫొటోలు మాత్రం చాలా బాగుంటాయి. రాజుకున్న గ్రహణమొర్రిని వర్ణించడం మరిచిపోలేదు. రాణి యేషే డోల్మా తెలివితేటలను మెచ్చుకుంటూనే ఆమెను కుట్రదారుగా నిలబెట్టాడు.

ఆనాటివారిని ఈనాటి కొలతలతో కొలవడం అన్యాయం కాదా అని అడిగేవారికి జవాబుగా నేను ఈ కాలపు విమర్శకులెవరినీ తీసుకురాను. జనరల్ జి. బి. మెయిన్‌వేరింగ్ చాలు. బ్రిటిష్ సైన్యంలోనివాడే. 1876లో లెప్చా భాషకు వ్యాకరణం అచ్చు వేశాడు. లెప్చా భాష లోకంలోకెల్లా ప్రాచీనమైనదన్న ఆయన సిద్ధాంతం నిలవదు, ఆ సంగతి పక్కన పెడదాం. పీఠికలో ఆయన రాసింది ముఖ్యం. తెల్లవారు రాగానే లెప్చాలు సంతోషించారనీ, వారి అసలు పతనం ఆ తర్వాతే మొదలైందనీ, వారి అడవులు, నేల వారి చేతుల్లోంచి జారిపోయాయనీ బాధపడ్డాడు. ఆయన డార్జిలింగ్ కొండల్లోనే ఏళ్ల తరబడి గడిపాడు. కాబట్టి ఇలా చూడటం ఆ కాలంలో సాధ్యమే. రిస్లీ, వైట్ చూడలేదంటే కాలం అడ్డుపడిందని చెప్పలేం.

అన్ని పుస్తకాలనూ ఒకే గాటన కట్టకూడదన్నది కూడా నిజం. 1899లో కాంచన్‌జంగా చుట్టూ తిరిగి 1903లో పుస్తకం రాసిన డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్ ఉద్యోగి కాదు, పర్వతారోహకుడు. విట్టోరియో సెల్లా ఫొటోలతో ఆ గ్రంథం ఇప్పటికీ కళ్లకు పండగే. అయితే ఆయన కంటే పదిహేనేళ్ల ముందే రిన్జిన్ నంగ్యాల్ సర్వే శాఖ తరఫున ఆ పర్వతం చుట్టూ నడిచి వచ్చాడు. ఫ్రెష్‌ఫీల్డ్ బృందంలో ఆయనా ఉన్నాడు. దారి తెలిసినవాడు ఉద్యోగంలో, పుస్తకం రాసేవాడు విహారంలో ఉన్నారు.

మరి సిక్కిం తన చరిత్రను తానే రాసుకోలేదా? రాసుకుంది. బందీగా ఉండి తిరిగివచ్చిన తుతోబ్ నంగ్యాల్, రాణి యేషే డోల్మా కలిసి టిబెటన్ భాషలో ఒక చరిత్ర కూర్చారు. 1908లో కాజీ దావా సందుప్ దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు. తర్వాత ఇవాన్స్-వెంట్జ్ పేరుతో లోకమంతా చదివిన టిబెటన్ మృతుల గ్రంథాన్ని అనువదించినవాడు ఆయనే. వైట్ తమతో ఎలా ప్రవర్తించాడో రాజదంపతులు అందులో దాచలేదు. అది నిష్పాక్షిక చరిత్ర అని నేను చెప్పను. రాజు కంటికి కనిపించిన సిక్కిం అది. అందులో లెప్చా రైతు, లింబూ రైతు, నేపాలీ కూలీ ఎంతవరకు ఉన్నారని అడిగితే రిస్లీ పుస్తకంలో ఉన్నంత కూడా లేరేమో. కానీ ఒక వ్యాజ్యంలో ఒక పక్షం వాంగ్మూలమే నూరేళ్లు చదివి తీర్పు చెప్పడం ఏం న్యాయం? వైట్ పుస్తకం లండన్‌లో మరుసటి ఏడే అచ్చయి గ్రంథాలయాలకు చేరింది. రాజదంపతుల చరిత్ర ఇంగ్లిషు ప్రతి దశాబ్దాల తరబడి టైపు కాగితాలుగానే ఉండిపోయింది. దాన్ని చూడగలిగినవారు కొద్దిమంది పరిశోధకులే.

హుకర్, రిస్లీ, వైట్ గ్రంథాలు మూడూ ఇప్పుడు హక్కుల గడువు తీరి ఉచితంగా దొరుకుతున్నాయి. పాఠకులు వాటిని తప్పక చదవాలి. హుకర్‌ను చదివేటప్పుడు రెండో సంపుటంలో లాచెన్ అధికారులు మాట్లాడిన చోట్ల ఆగండి, రిస్లీని చదివేటప్పుడు పక్కన మెయిన్‌వేరింగ్ పీఠిక పెట్టుకోండి. వచ్చే సంచికలో డార్జిలింగ్ భూటియా పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా ఉంటూ 1879లో టిబెట్‌లో అడుగుపెట్టిన శరత్ చంద్ర దాస్ గురించి, ప్రభుత్వం తొలుత రహస్య పత్రంగా అచ్చు వేసి 1902లో బయటపెట్టిన ఆయన లాసా యాత్రాగ్రంథం గురించి చూద్దాం.